ఏ పొయ్యికి ఏ బొగ్గు?

పోయిన నెల ఈ శీర్షికలో కరెంటు బిల్లు గురించి రాస్తూ బొగ్గు మాట ఎత్తినాను. ఇక ఉత్తరాలన్నీ దాని మీదే. ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య ఉన్న రాయలసీమ థర్మల్‌లో, మా నోళ్లలో ఆర్టీపీపీలో, నా ఉద్యోగమంతా బొగ్గు ల్యాబ్‌లోనే గడిచింది. నేను బొగ్గు తవ్వినదాన్ని కాదు, బాయిలర్ నడిపినదాన్నీ కాదు. రైల్లో వచ్చిన బొగ్గులో వేడి ఎంత, తేమ ఎంత, బూడిద ఎంత అని తేల్చడం మా పని. అందుకని ఏ ప్రశ్న అడిగినా నా జవాబు బూడిద దగ్గరికే పోతుంది, ఓర్చుకోండి.

అక్కా, ప్రొద్దుటూరులో ఇస్త్రీ బండి పెట్టుకున్నా. కట్టెబొగ్గు రేటు బాగా పెరిగింది. మా బామ్మర్ది రైలుకట్ట పక్కన రాలిన రాక్షసి బొగ్గు ఒక గోతం తెచ్చిచ్చినాడు. పెట్టెలో వేస్తే కండ్లు మండే పొగ. ఒక తెల్లచొక్కాకు పసుపురంగు మరక కూడా పడింది. ముందే ఒకసారి కాల్చి పొగ పోగొట్టి వాడుకోవచ్చని ఒకాయన అన్నాడు. నిజమేనా? — ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

వద్దు తమ్ముడూ, ఆ గోతం పక్కన పెట్టు. నువ్వు వాడే కట్టెబొగ్గు సర్కారు కంపను గాలి తగలకుండా కాల్చి తీసింది. ఆ బట్టీలోనే దాని పొగంతా పోయి ఉంటుంది. నీ పెట్టెలోకి వచ్చేసరికి మిగిలేది చాలావరకు కార్బనే. బూడిద వందకు మూడు నాలుగు పాళ్లు. అందుకే విసనకర్రతో రెండు ఊపులు ఊపితే ఎర్రగా రాజుకుని, మంట లేకుండా కాలుతుంది.

రాక్షసి బొగ్గు సంగతి వేరు. అందులో దాదాపు నాలుగో వంతు వేడి తగలగానే ఆవిరై లేచే సరుకే. గ్యాసులు, తారు కలిసి వస్తాయి. నీ చొక్కా మీద పడింది ఆ తారే. థర్మల్‌లో ఇదే బొగ్గును ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేసి, వేయి డిగ్రీలు దాటిన మంటలోకి గాలితో కలిపి ఊదుతారు. లేచిన గ్యాసు లేచినట్టే మండిపోతుంది. నీ పెట్టెలో అంత వేడీ లేదు, అంత గాలీ లేదు. పైగా మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే ఉంటుంది. కాసేపటికి పెట్టె కంతలు మూసుకుపోయి నిప్పు చల్లారుతుంది.

ముందే కాల్చి పొగ తీయొచ్చన్న ఆ పెద్దమనిషి మాట అబద్ధమేమీ కాదు. కలకత్తా వైపు ఇళ్లలో పొయ్యిల్లోకి వాడిన సాఫ్ట్ కోక్ అట్లా పొగ తీసిన బొగ్గే. కానీ పొగ పోయినంత మాత్రాన బూడిద పోదు, ఇంకా చిక్కబడుతుంది. బజారులో ఆ పొగ పెడితే పక్క అంగడివాళ్లు ఊరుకోరు. రైలుకట్ట మీద రాలినా అది ఎవరిదో ఒకరి సరుకే, రైల్వే పోలీసుల చేతిలో పడితే బామ్మర్దికి ఇబ్బంది. గ్యాసుతో నడిచే ఇస్త్రీ పెట్టెలు వస్తున్నాయి, లెక్క వేసుకుని చూడు.

ఇంకొక మాట. కట్టెబొగ్గయినా రాక్షసి బొగ్గయినా, నిప్పులున్న పెట్టెనో కుంపటినో మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు. వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. పొగ లేదు కదా అని ధైర్యపడినవాళ్లే దానికి బలవుతారు. చలికాలంలో ఈ వార్త ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం.

మేడమ్, నేను కడపలో బీఎస్సీ చదువుతున్నాను. బొగ్గు గురించి రాసేటప్పుడు జీ-11, జీ-13 అని రాస్తారు. ఆ అంకెలు ఎవరు వేస్తారు? ఒక యూనిట్ కరెంటుకు ఎంత బొగ్గు కాలుతుంది? — ఓ విద్యార్థిని, కడప

నా ప్రశ్న దొరికింది తల్లీ, కాస్త విస్తారంగానే చెప్తాను.

కిలో బొగ్గు పూర్తిగా కాలితే వచ్చే వేడిని బట్టి గ్రేడు. 7,000 కిలోకాలరీలు దాటితే జీ-1. అక్కడి నుంచి మూడు వందలు తగ్గిన కొద్దీ ఒక్కో మెట్టు దిగుతూ జీ-17 దాకా పోతుంది. జీ-11 అంటే 4,001 నుంచి 4,300 మధ్య. మన థర్మల్ కేంద్రాలకు వచ్చేది ఎక్కువగా ఈ నడిమి మెట్ల నుంచి కింది బొగ్గే.

ఆ అంకె వేసేది బాంబ్ కేలరీమీటర్. పేరు విని భయపడొద్దు, మందపాటి స్టీలు డబ్బా, అంతే. అసలు కష్టం దాని దగ్గర కాదు, నమూనా తీయడంలో ఉంది. ఒక రైలుకు దాదాపు 59 వ్యాగన్లు, మూడున్నర వేల టన్నులకు పైగా సరుకు. అందులో నుంచి నేను కాల్చేది ఒక్క గ్రాము! ఆ గ్రాము మొత్తం రైలుకు సాక్ష్యం చెప్పాలి. అందుకని వేర్వేరు వ్యాగన్ల నుంచి తీసిన బొగ్గును పగలగొట్టి, కుప్ప పోసి, కుప్పను అణిచి నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగిలిన రెండు పారేస్తారు. మళ్లీ కలిపి, మళ్లీ కుప్ప పోసి, మళ్లీ నాలుగు భాగాలు. చివరికి 212 మైక్రాన్ల జల్లెడ దాటిన పొడి సీసాలో ల్యాబ్‌కు వస్తుంది.

ఆ పొడిలో గ్రాము తూచి, చిన్న మూసలో పెట్టి, నైక్రోమ్ తీగకు కట్టిన నూలుదారం పొడికి ఆనేట్టు వదిలి, డబ్బా బిగించి, ముప్పై అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాకా ఆక్సిజన్ ఎక్కిస్తాం. డబ్బాను నీళ్ల పాత్రలో ముంచి మీట నొక్కితే లోపల దారం అంటుకుంటుంది, బొగ్గు క్షణంలో కాలిపోతుంది. బయటికి చప్పుడు కూడా వినపడదు. నీళ్ల వేడి మాత్రం మెల్లగా పెరుగుతుంది. మన బొగ్గుకు అది రెండు డిగ్రీల లోపే ఉంటుంది. ఆ రెండు డిగ్రీల్లో తప్పు రాకూడదని ముందే బెంజోయిక్ యాసిడ్ బిళ్ల కాల్చి పరికరాన్ని సరిచూసుకుంటాం. దాని వేడి ఎంతో ముందే తెలుసు కాబట్టి అదే మాకు తూకపు రాయి. ఇంకోపక్క ఇంకో గ్రాము 108 డిగ్రీల ఓవెన్‌లో తేమ కోసం, మరో గ్రాము 815 డిగ్రీల మఫిల్ ఫర్నేసులో బూడిద కోసం. ఫర్నేసు నుంచి తీసిన గిన్నెలో ఇటుకరంగు కలిసిన బూడిద కనిపిస్తే ఆ బొగ్గులో ఇనుము ఎక్కువుందని ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

ఇంత చాదస్తం ఎందుకంటే ఒక్క మెట్టు తేడా వస్తే టన్ను ధర మారుతుంది, టన్నులేమో లక్షల్లో. గని దగ్గర ఎక్కించినప్పటి గ్రేడు, ఇక్కడ దింపినప్పటి గ్రేడు కలవకపోతే పంచాయితీ మొదలు. దారిలో వాన పడి తడిసి ఉండొచ్చు, రాళ్లు కలిసి ఉండొచ్చు, నమూనా తీసినవాడు పైపైన తీసి ఉండొచ్చు. తనిఖీకి మూడో సంస్థను పెట్టినా ఈ తగవు ఈనాటికీ తెగలేదు.

రెండో ప్రశ్నకు లెక్క నువ్వే వేయొచ్చు. ఒక యూనిట్ అంటే 860 కిలోకాలరీలు. థర్మల్ కేంద్రం బొగ్గులోని వేడిలో సుమారు 35 శాతాన్నే కరెంటుగా మారుస్తుంది, మిగతాది పొగగొట్టంలోకీ కూలింగ్ టవర్‌లోకీ పోతుంది. అంటే యూనిట్‌కు దాదాపు 2,450 కిలోకాలరీల బొగ్గు కాల్చాలి. కిలోకు నాలుగు వేల కిలోకాలరీలిచ్చే బొగ్గయితే ఆరు వందల గ్రాముల పైచిలుకు. నీ హాస్టల్ గదిలో ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగితే దాదాపు అర కిలో. ఆర్టీపీపీలో కరెంటు తీసే 210 మెగావాట్ల యంత్రం ఒక్కటి (దాన్నీ యూనిట్ అనే అంటాం) ఫుల్ లోడు మీద ఉంటే రోజుకు దగ్గర దగ్గర ఒక రైలు బొగ్గు తింటుంది. అట్లాంటివి ఐదు, 600 మెగావాట్లది ఒకటి. మొత్తం 1,650 మెగావాట్లు. అన్నీ ఒకేసారి నడిచిన రోజున బొగ్గు యార్డులో పనిచేసేవాళ్లకు నీళ్లు తాగే తీరిక ఉండదు.

అమ్మా, ఎండాకాలంలో థర్మల్ బొగ్గు కుప్పల మీద పొగ లేస్తుంటుంది. ఎవరూ నిప్పు పెట్టరు గదా, ఎట్ల అంటుకుంటుంది? — ఓ రైతు, ముద్దనూరు

తనంతట తనే అంటుకుంటుందన్నా. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా పట్టుకుంటుంది, పట్టుకున్నప్పుడల్లా కొంచెం వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి ఉంటే ఏమీ కాదు. కుప్ప లోపల చిక్కుకుంటే పెరుగుతూ పోతుంది. పచ్చి వేరుశనగ కాయలు గోతాల్లో కుక్కితే లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి కదా, చూడ్డానికి అట్లాగే ఉంటుంది. కాకపోతే కాయల్లో అది సూక్ష్మజీవుల పని, ఇక్కడ ఉత్త రసాయన చర్య. వేడి డెబ్బై ఎనభై డిగ్రీలు దాటిందంటే ఇక జోరు పట్టుకుంటుంది. మన ఎండలు నలభై నాలుగు డిగ్రీలు. బొగ్గుకు సగం దారి ఎండే నడిపిస్తుంది.

ముక్కలు, పొడి కలిసి వదులుగా పడిన కుప్ప అంచులు అన్నిటికంటే ప్రమాదం. గాలి లోపలికి దూరుతుంది కానీ వేడిని మోసుకుని బయటికి రాదు. అందుకే బుల్‌డోజర్లు కుప్పల మీద తిరుగుతూ తొక్కుతుంటాయి. మీరు రోడ్డు మీద నుంచి చూసే బుల్‌డోజర్లు బొగ్గు తోయడానికి మాత్రమే కాదు, గాలి దూరకుండా అణచడానికి కూడా. పాత బొగ్గు ముందు వాడాలి, కొత్తది తర్వాత. నీళ్లు చల్లే గన్లు ఉంటాయి గానీ, బాగా రాజుకున్నచోట పైపైన నీళ్లు కొడితే లాభం లేదు. రాజుకున్న బొగ్గును తోడి, విడిగా పరిచి, అప్పుడు తడపాలి. పొగ కనిపించకముందే ముక్కుకు తెలుస్తుంది, కిరసనాయిల్‌కూ తారుకూ మధ్య రకం వాసన. యార్డులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు థర్మామీటరు పెట్టకముందే ఏ కుప్పో చెప్పేవాళ్లు.

బోరు వేస్తుంటే నల్లటి పొరల రాయి పడింది. బొగ్గు కావచ్చని ఊర్లో అంటున్నారు. మన జిల్లాలో బొగ్గు ఉందా? — ఓ పాఠకుడు, జమ్మలమడుగు

లేదు. ఈ మాట గట్టిగానే చెప్పగలను. బొగ్గంటే ఒకప్పటి అడవి. మన దేశపు బొగ్గులో ఎక్కువ భాగం సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట బురదలో కూరుకుపోయిన చెట్లదే, గోదావరి లోయలో సింగరేణిదీ అదే కాలం. మన కడప రాళ్లు వాటికి ముత్తాతలు. వంద కోట్ల ఏళ్లు దాటినవి వీటిలో ఎన్నో ఉన్నాయి. అప్పటికి నేల మీద గడ్డిపోచ కూడా మొలవలేదు. చెట్టే లేని కాలపు రాయిలో బొగ్గు యాడ నుంచి వస్తుంది?

మీకు పడింది నల్ల షేల్ రాయో, సున్నపురాయో అయి ఉంటుంది. మన ఇళ్లలో పరిచే కడప బండ కూడా నల్లగానే ఉంటుంది కదా, అది సున్నపురాయే. ముక్కను పొయ్యిలో వేసి చూడండి, బొగ్గయితే అంటుకుంటుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఒక చుక్క వేసినప్పుడు బుసబుస పొంగితే సున్నపురాయి. ఎవరైనా బొగ్గు గని పేరు చెప్పి మీ పొలం అడిగితే మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయండి. కరెంటుకు పనికొచ్చే ఖనిజం జిల్లాలో అసలు లేదనీ కాదు, తుమ్మలపల్లెలో యురేనియం తీస్తున్నారు.

జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ వస్తే సింగరేణి బొగ్గుతో నడుస్తుందా? — ఓ పాఠకుడు, మైలవరం

శంకుస్థాపన రాళ్లకు మాత్రం మనకు కొరత లేదు. బొగ్గు సంగతికొస్తే, ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసుకు కోకింగ్ బొగ్గు కావాలి. గాలి తగలకుండా వేడి చేస్తే అది మెత్తబడి, ఉబ్బి, చల్లారినాక గట్టి కోక్ ముద్ద అవుతుంది. ఫర్నేసులో పైన పడే ఇనుప ఖనిజం బరువును ఆ కోక్ నలగకుండా మోయాలి, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేయాలి, వేడీ ఇవ్వాలి. సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు, ఎంత కాల్చినా అట్లా ముద్ద కట్టదు. మన దేశంలో కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఝరియా వైపు ఉంది, అది కూడా చాలక ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నారు. విశాఖ ఉక్కుకు సముద్రం పక్కనే ఉండటం అందుకే కలిసొచ్చింది. మనకు రేవు నుంచి రైలు బాడుగ అదనం. మన సిమెంటు ఫ్యాక్టరీలకు ఈ బాధ లేదు. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చే కిల్న్‌లోకి మామూలు బొగ్గు పొడి, చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ ఏదైనా ఊదుకోవచ్చు. దాని బూడిద కూడా సిమెంటుగా పొడి చేసే క్లింకర్ గడ్డల్లోనే కలిసిపోతుంది.

మా నాయన నందలూరు లోకోషెడ్‌లో ఫైర్‌మన్. "ఈ కాలం బొగ్గు మా ఇంజన్‌కు పెట్టి ఉంటే బండి నందలూరు దాటేది కాదు" అనేవాడు. నిజమా, పెద్దాయన గొప్పలా? — ఓ పాఠకురాలు, నందలూరు

మీ నాయన చెప్పింది అక్షరాలా నిజమమ్మా. ఆవిరి ఇంజన్‌లో బొగ్గు ముక్కలుగానే కాలాలి. పొడి ఎక్కువైతే ఆ గాలివాటుకు సగం గొట్టంలో నుంచే లేచిపోతుంది. బూడిద ఎక్కువైతే కరిగి, గట్టి గడ్డలు కట్టి, అడుగు జాలీని మూసేస్తుంది. నడిచే బండిలో దాన్ని పొడిచి వదిలించే కష్టం మీ నాయనకే తెలుసు. అందుకే ఏరిన మంచి బొగ్గు రైల్వేలకు పోయేది. సింగరేణికి ఒకప్పుడు పెద్ద గిరాకీ రైల్వేలదే. అంత మంచి బొగ్గు పోసినా ఆ ఇంజన్ వాడుకున్న వేడి వందకు ఆరేడు పాళ్లే. 1995 చివరికి బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బండ్లు ఆగిపోయినాయి. ఇప్పుడు ఆ పట్టాల మీద నడిచే కరెంటు ఇంజన్ వెనక కూడా చాలాచోట్ల బొగ్గే ఉంది, నాసిరకం బొగ్గు. థర్మల్ బాయిలర్ దాన్ని పొడి చేసి అరిగించుకుంటుంది.

ఓర్వకల్లు దగ్గర వేయి మెగావాట్ల సోలార్ పార్కు, మా వైపు ఎటు చూసినా గాలిమరలు. ఇంకా బొగ్గు ఎందుకు మేడమ్? దాని పేరుతో బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీ ఎందుకు? — ఓ పాఠకుడు, తాడిపత్రి

పగటిపూట నీ మాట చాలావరకు ఒప్పుకుంటాను. పన్నెండు గంటల ఎండలో బొగ్గు కాల్చడం చూస్తే నాకూ ప్రాణం ఉసూరుమంటుంది. చిక్కు సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. ఎండ దిగిపోతుంది, ఇళ్లలో లైట్లు, ఏసీలు ఒక్కసారిగా పడతాయి. బాయిలర్‌ను స్విచ్ వేసినట్టు వేయలేం. చల్లారిన యూనిట్‌ను మళ్లీ లేపడానికి గంటల కొద్దీ టైము, బోలెడంత ఆయిలు కావాలి. అందుకని పగలు ఆపకుండా లోడు తగ్గించి ఉంచుతారు. మరీ కిందికి దించితే మంట నిలకడగా ఉండదు. ఈ మధ్యలో ఉన్న గంటలను పూడ్చడానికే పాణ్యం మండలం పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజీ. పగటి ఎండ కరెంటుతో నీళ్లు పైకి తోడి, పొద్దుగూకినాక కిందికి వదిలి కరెంటు తీయడం దాని పని. అట్లాంటివి పెరిగిన కొద్దీ బొగ్గుకు పని తగ్గుతుంది, తగ్గాలి కూడా. ఒక యూనిట్ బొగ్గు కరెంటుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బూడిద చెరువుల పక్క ఊళ్లలో వేసవి గాలికి ఆరేసిన బట్టలు ఏమవుతాయో నన్ను అడగొద్దు, ఆ ఊళ్ల ఆడవాళ్లను అడగండి.

ఇక బిల్లు. మనకు బొగ్గు సింగరేణి నుంచో, ఒడిశా తాల్చేరు వైపు నుంచో వస్తుంది. గని దగ్గరి ధర మీద రైలు బాడుగ పడుతుంది. ఆ బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిద అని పైన చెప్పినా కదా, దానికీ బాడుగ కడుతున్నాం. కాబట్టి గని పక్కనున్న కేంద్రం కరెంటు చవక, మనది ప్రియం. చవకది ముందు తీసుకోవడం గ్రిడ్ పద్ధతి. ధర పెరిగినప్పుడో, బయట కరెంటు కొన్నప్పుడో ఆ తేడాను తర్వాత మీ బిల్లులో రాబడతారు. అది న్యాయమా కాదా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి ముందు అడగాల్సిన మాట. వాళ్ల బహిరంగ విచారణలకు ఎవరైనా పోవచ్చు, పోతే బాగుంటుంది.

ఫ్లై యాష్ ఇటుకలతో ఇల్లు కట్టుకోవచ్చా? — ఓ గృహిణి, ఎర్రగుంట్ల

కట్టుకోవచ్చు. థర్మల్ బూడిదలో ఎనభై శాతం దాకా పొగతో పాటు లేచే సన్నటి పొడే, ఫ్లై యాష్ అంటే అదే. దాన్ని ఈఎస్‌పీలనే యంత్రాలు కరెంటుతో పట్టి కిందికి రాలుస్తాయి. సున్నం, నీళ్లు తగిలితే గట్టిపడే గుణం దానికుంది. మీరు వాడే పీపీసీ సిమెంటులో కూడా 15 నుంచి 35 శాతం అదే ఉంటుంది. ఇటుక కొనేటప్పుడు బాగా నీళ్లు పెట్టి క్యూరింగ్ చేసిందా లేదా చూడండి. అంచును గోటితో గీకితే పొడి రాలిందంటే తీసుకోవద్దు.

బొగ్గును బాగా ఒత్తితే వజ్రం అవుతుందని మా సార్ చెప్పినాడు. మరి వజ్రకరూరులో కింద బొగ్గు ఉందా ఆంటీ? — ఏడో తరగతి, గుంతకల్లు

రెండూ కార్బనే, అంతవరకు మీ సార్ చెప్పింది సరే. కానీ వజ్రాలు బొగ్గులోంచి రావు. భూమిలో నూటయాభై కిలోమీటర్ల లోతున తయారై, కింబర్లైట్ అనే రాతితో పాటు పైకి తన్నుకొచ్చినాయి. వజ్రకరూరు కింబర్లైట్ వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. పైన జమ్మలమడుగు ఆయనకు రాసిన జవాబు చదివి, అప్పటికి భూమ్మీద చెట్లున్నాయో లేదో నువ్వే చెప్పు. వజ్రం కూడా ఆక్సిజన్‌లో బాగా వేడి చేస్తే కాలిపోతుంది, చిటికెడు బూడిద కూడా మిగలదు. మా ల్యాబ్‌కు అంత మంచి శాంపిల్ ఎవరూ పంపలేదు.